బ్యాంకు నుంచి ట్రేడింగ్ ఖాతాకు: డబ్బు ఎక్కడ ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది?

ఆన్‌లైన్‌లో షేర్లు, మ్యూచువల్ ఫండ్లు కొనడానికి బ్యాంకు నుంచి డబ్బు పంపే విషయంలో వచ్చిన ప్రశ్నలన్నీ ఈసారి ఒకచోట చేర్చాం. వీటిలో సగానికి సగం చివరకు పేరు దగ్గరే తేలాయి. డబ్బు ఎవరి ఖాతాలోంచి బయల్దేరిందో, అవతల ఎవరి పేరున జమ కావాలో, ఆ రెండు పేర్లూ కలవకపోవడమే అసలు చిక్కు.

ప్రశ్న: ట్రేడింగ్ యాప్‌లోంచి ఉదయం 9:20కి యూపీఐతో 50,000 రూపాయలు పంపాను. బ్యాంకులో కోత పడింది. యాప్‌లో మాత్రం 'పెండింగ్' అనే ఉంది. బ్రోకర్‌ను అడిగితే బ్యాంకును అడగమంటాడు, బ్యాంకేమో బ్రోకర్‌నే అడగమంటోంది. – ఒక పాఠకుడు, తెనాలి

ముందు యూపీఐ యాప్ తెరిచి ఆ లావాదేవీ మీద నొక్కండి. అక్కడ రెండు నంబర్లు కనిపిస్తాయి. అక్షరాలు కలిసిన పొడవాటిది ఆ యాప్ తన లెక్క కోసం పెట్టుకున్నది, దాంతో మీకు పనిలేదు. మీకు కావలసింది 12 అంకెల రిఫరెన్స్ నంబరు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ కోత పక్కన కూడా అదే ఉంటుంది. చాలామంది మొదటి నంబరు పెట్టి ఫిర్యాదు చేస్తారు, దాంతో వారం రోజులు అక్కడే పోతాయి.

యూపీఐ యాప్‌లో 'సక్సెస్' అని ఉంటే డబ్బు బ్రోకర్ బ్యాంకుకు చేరినట్టే. మీరు పిన్ కొట్టేలోపు ట్రేడింగ్ యాప్‌లో ఇచ్చిన గడువు ముగిసిపోయి ఉంటుంది. అలాంటప్పుడు డబ్బు చేరుతుంది గానీ, అది ఏ కస్టమర్‌దో చెప్పే ఆర్డర్‌తో జత పడదు. 9:15కి మార్కెట్ తెరిచిన మొదటి పావుగంటలో ఇది మామూలే. 12 అంకెల నంబరు, స్టేట్‌మెంట్‌లో ఆ పేజీ జతచేసి బ్రోకర్‌కు టికెట్ పెట్టండి. వాళ్లు లెక్క సరిచూసుకుని మీ ఖాతాకు జమ చేస్తారు, లేదా వెనక్కి పంపుతారు.

యూపీఐ యాప్‌లో కూడా 'పెండింగ్' అనో 'ఫెయిల్డ్' అనో ఉంటే పని బ్యాంకుది. వ్యాపార సంస్థకు చేసిన చెల్లింపులో మన ఖాతాలో కోత పడి, అవతలివాళ్లకు నిర్ధారణ అందకపోతే లావాదేవీ జరిగిన రోజు కాక 5 రోజుల్లోగా సొమ్ము దానంతటదే వెనక్కి రావాలి. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో పెట్టిన నియమం ఇది. పరిహారం మీరు అడక్కుండానే జమ కావాలి, జమ కాకపోతే అడగండి. బ్యాంకు 30 రోజుల్లో సమాధానం ఇవ్వకపోయినా, ఇచ్చిన సమాధానం మీకు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు.

మొదటిది తేలేదాకా రెండోసారి పంపకండి. రెండూ జమైతే నష్టం లేదు గానీ, రెండూ ఇరుక్కుంటే లక్ష రూపాయలు గాల్లో ఉంటాయి. ఉదయం కొనాలనుకుంటే ముందు రోజు సాయంత్రమే పంపేయడం మేలు.

ప్రశ్న: డీమ్యాట్ ఖాతా తెరుస్తుంటే బ్యాంకు ఖాతా దగ్గర 'పేరు సరిపోలలేదు' అని మూడుసార్లు తిప్పికొట్టింది. ఖాతా నాదే, పాన్ నాదే. తప్పెక్కడ? – ఒక పాఠకురాలు, భీమవరం

తప్పు మన ఇంటిపేరులో ఉంది. ఖాతా మీదేనా కాదా అని చూడటానికి బ్రోకర్ మీ బ్యాంకు ఖాతాలో ఒక రూపాయి వేస్తాడు, లేదా మీచేత యూపీఐతో ఒక రూపాయి కట్టించి తిరిగి ఇచ్చేస్తాడు. ఆ రూపాయి అసలు పని బ్యాంకు రికార్డులో మీ పేరు ఎలా ఉందో పట్టుకురావడం. ఆ పేరును కంప్యూటర్ మీ పాన్ పేరుతో పోలుస్తుంది.

ఇరవయ్యేళ్ల కిందట తెరిచిన పాస్‌బుక్‌లో 'కె. వెంకట లక్ష్మి' అని ఉంటుంది. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా, అదీ చివర ఉంటుంది. ఆధార్‌లో వెంకటలక్ష్మి ఒకే మాట. ఇంగ్లిష్‌లో లక్ష్మిని రాసే తీరులే మూడు నాలుగు. పెళ్లయ్యాక బ్యాంకులో అత్తవారి ఇంటిపేరు చేర్చి, పాన్‌లో పుట్టింటి పేరే ఉంచినవాళ్లయితే లెక్కలేనంతమంది. మనిషి చూస్తే ఒకరేనని ఇట్టే తెలుస్తుంది, కంప్యూటర్‌కు తెలియదు.

మీ బ్యాంకులో పేరు ఎలా ఉందో చూడటానికి ఒక చిట్కా ఉంది. ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లోంచి మీ యూపీఐకి డబ్బు పంపబోతున్నట్టు మొదలుపెట్టమనండి. పిన్ కొట్టేముందు తెరమీద కనిపించేది బ్యాంకు రికార్డులో ఉన్న మీ పేరే. దాన్ని పాన్ కార్డు పక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి.

తేడా పొడి అక్షరాల (ఇనిషియల్స్) దగ్గరే అయితే, మీ పేరు అచ్చులో ఉన్న క్యాన్సిల్డ్ చెక్కు గానీ, ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ (బ్యాంకు బ్రాంచి కోడ్) కనిపించే స్టేట్‌మెంట్ గానీ అప్‌లోడ్ చేసే దారి చాలా యాప్‌లలో ఉంటుంది. అప్పుడు మనిషే చూసి ఆమోదిస్తాడు. పేరును చేత్తో రాసిన పాత పాస్‌బుక్ పేజీకి బ్రాంచి ముద్ర, సంతకం లేకపోతే తీసుకోరు. తేడా ఇంటిపేరులోనే ఉంటే చెక్కుతో గట్టెక్కడం కష్టం, సవరణ చేయించుకోవాల్సిందే. ముందు ఆధార్, తర్వాత పాన్, ఆ తర్వాత బ్యాంకు, చివర బ్రోకర్ దగ్గర కేవైసీ. ఈ వరుస తప్పితే చేసిన పనే మళ్లీ చేయాల్సి వస్తుంది. బ్యాంకులో ముందే మార్పించి, ఆ తర్వాత పాన్‌లో ఇంకో తీరుగా వచ్చి మొదటికొచ్చినవాళ్లు ఉన్నారు.

ప్రశ్న: నా భార్య పేరున ట్రేడింగ్ ఖాతా ఉంది. నా ఖాతా నుంచి దానికి 30,000 పంపితే రెండు రోజులకు తిరిగొచ్చింది. భార్యాభర్తల మధ్య కూడా కుదరదా? – ఒక పాఠకుడు, ఖమ్మం

కుదరదు. షేర్లు ఎవరి పేరున కొంటారో వారి సొంత బ్యాంకు ఖాతా నుంచే డబ్బు రావాలి. ఆ ఖాతా బ్రోకర్ దగ్గర ముందే నమోదై ఉండాలి. వేరే ఖాతా నుంచి వచ్చినదాన్ని బ్రోకర్ మూడో వ్యక్తి సొమ్ముగా లెక్కగట్టి వచ్చిన దారినే పంపేస్తాడు. నగదు కూడా తీసుకోరు, క్రెడిట్ కార్డూ నడవదు.

మీరు చేయాల్సింది ఒక అడుగు ఎక్కువ, అంతే. ముందు ఆమె సొంత సేవింగ్స్ ఖాతాకు పంపండి, అక్కడి నుంచి ఆమె తన ట్రేడింగ్ ఖాతాకు పంపుకుంటుంది. ఇద్దరికీ జాయింట్ ఖాతా ఉండి, అందులో ఆమె పేరున్నట్టు రుజువు ఇచ్చి నమోదు చేయిస్తే దాన్నుంచీ పంపవచ్చు. ఆమె రెండో పేరుగా ఉన్న ఖాతాల్లో ఆన్‌లైన్ తనిఖీ మొదటి పేరునే పట్టుకొస్తుంది కాబట్టి అక్కడ కాగితాలు పెట్టాల్సి రావచ్చు.

పన్ను మెలిక ఒకటి ఉంది. భర్త భార్యకు ఇచ్చిన కానుక మీద పన్ను లేదు గానీ, ఆ డబ్బుతో కొన్న షేర్ల మీద వచ్చిన లాభం, డివిడెండు మీ ఆదాయంలోనే కలుస్తాయి. పేరు మార్చినంత మాత్రాన పన్ను తగ్గదు.

పిల్లల పేరున మ్యూచువల్ ఫండ్ అయితే దారి వేరు. 2023 జూన్ 15 నుంచి తల్లి, తండ్రి లేదా చట్టబద్ధ సంరక్షకుల ఖాతా నుంచీ కట్టవచ్చు. తీసేటప్పుడు మాత్రం సొమ్ము ఆ పిల్లవాడి పేరున ఉన్న ఖాతాలోనే పడుతుంది. ఆ ఖాతా ముందే తెరిచి ఉంచండి.

ప్రశ్న: ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువు తీరి 8 లక్షలు వచ్చాయి. ఒకేసారి ట్రేడింగ్ ఖాతాకు ఎలా పంపాలి? యూపీఐలో లక్ష దాటనివ్వడం లేదు. – ఒక పాఠకుడు, కరీంనగర్

మనుషుల మధ్య యూపీఐ పరిమితి లక్షే. షేర్ మార్కెట్ చెల్లింపులకు మాత్రం 2025 సెప్టెంబరు 15 నుంచి ఒక్కో లావాదేవీకి 5 లక్షలు, 24 గంటల్లో మొత్తం 10 లక్షల దాకా వీలుంది. ఇది పైకప్పు మాత్రమే, దాని కింద మీ బ్యాంకు తన హద్దు తాను పెట్టుకోవచ్చు. బ్యాంకు యాప్‌లో యూపీఐ పరిమితి ఎంతుందో చూసి, పెంచుకునే వీలుంటే పెంచుకోండి. ఫోన్ గానీ సిమ్ గానీ కొత్తగా మార్చి ఉంటే మొదటి 24 గంటలు 5,000 దాటనివ్వదు. అలా మార్చినవాళ్లు రేపటిదాకా ఆగితే సరి.

8 లక్షలకు మా సలహా ఆర్‌టీజీఎస్, అంటే పెద్ద మొత్తాలను బ్యాంకు నుంచి బ్యాంకుకు పంపే పద్ధతి. కనీసం 2 లక్షలు ఉండాలన్న షరతు తప్ప రిజర్వు బ్యాంకు వైపు నుంచి పైపరిమితి లేదు. 2020 డిసెంబరు 14 నుంచి 24 గంటలూ, సెలవుల్లోనూ నడుస్తోంది. నిమిషాల మీద చేరుతుంది. నెఫ్ట్ కూడా 24 గంటలూ ఉంటుంది గానీ, అరగంటకోసారి అందరివీ కలిపి ఒక విడతగా వెళ్తాయి కాబట్టి కాస్త ఆలస్యం. ఐఎంపీఎస్ వెంటనే చేరుతుంది, కానీ 5 లక్షలు దాటదు. బ్రోకర్ యాప్‌లోనే నెట్ బ్యాంకింగ్ ఎంచుకుంటే కొందరు ప్రతి లావాదేవీకి పది రూపాయల లోపు రుసుము, దాని మీద జీఎస్‌టీ వేస్తారు.

ఎలా పంపాలంటే, ముందు ట్రేడింగ్ యాప్‌లో 'యాడ్ ఫండ్స్' పేజీకి వెళ్లి నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ వివరాలు తెరవండి. ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ, ఖాతా పేరు అక్కడి నుంచే కాపీ చేసుకోండి, ఎవరో పంపిన మెసేజ్‌లోంచి వద్దు. కొందరు బ్రోకర్లు ఒక్కో కస్టమర్‌కు ఒక్కో వర్చువల్ ఖాతా నంబరు ఇస్తారు. అంకెలతో పాటు అక్షరాలూ, చివర మీ క్లయింట్ కోడ్ ఉంటాయి. చేత్తో టైపు చేస్తే సున్నాకూ, ఇంగ్లిష్ 'ఓ' అక్షరానికీ తేడా తెలియక డబ్బు తిరిగొస్తుంది. ఐఎఫ్‌ఎస్‌సీలో ఉండేవి 11 గుర్తులు, ఐదోది ఎప్పుడూ సున్నానే.

ఆ వివరాలతో నెట్ బ్యాంకింగ్‌లో బెనిఫిషియరీని చేర్చండి. ఖాతా రకం 'కరెంట్'. పంపేముందు అవతలి ఖాతాదారు పేరు తెరమీద చూపే ఏర్పాటు నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లకూ 2025 నుంచి వచ్చింది, దాన్ని వాడండి. కొత్త బెనిఫిషియరీకి మొదటి కొన్ని గంటలు పెద్ద మొత్తం వెళ్లనివ్వని బ్యాంకులు ఎక్కువ. అందుకని ఇవాళ చేర్చి, వంద రూపాయలు పంపి అవతల జమైందో లేదో చూసుకుని, రేపు మిగతాది పంపండి. వంద పంపేటప్పుడు నెఫ్ట్ వాడండి, ఆర్‌టీజీఎస్ ఆ చిన్న మొత్తాన్ని తీసుకోదు.

పంపాక వచ్చే యూటీఆర్ నంబరు (ఆ లావాదేవీ గుర్తింపు నంబరు) దాచుకోండి. ఆర్‌టీజీఎస్‌ది 22 గుర్తులు, నెఫ్ట్‌ది 16. గంట దాటినా జమ కాకపోతే ఆ నంబరే మీకు ఆధారం. నెట్ బ్యాంకింగ్ లేకపోతే బ్రాంచికి వెళ్లి ఫారం నింపవచ్చు, 5 లక్షలు దాటిన ఆర్‌టీజీఎస్‌కు గరిష్ఠంగా 49 రూపాయల 50 పైసలు, పైన జీఎస్‌టీ తీసుకుంటారు.

ప్రశ్న: ఒక వాట్సాప్ గ్రూపులో చెప్పిన యాప్‌లో 1,20,000 పెట్టాను. ప్రతిసారీ వేరే వేరే కరెంట్ ఖాతాలకు పంపమన్నారు. ఇప్పుడు యాప్‌లో 4,60,000 చూపిస్తోంది. తీసుకోవాలంటే లాభం మీద 20 శాతం పన్ను ముందుగా కట్టమంటున్నారు. కట్టాలా? – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

ఒక్క రూపాయి కూడా కట్టకండి. ఈ పేజీ పక్కన పెట్టి ముందు 1930కి ఫోన్ చేయండి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. మీరు పంపిన ప్రతి లావాదేవీ నంబరు, తేదీ, అవతలి ఖాతా వివరాలు దగ్గర పెట్టుకుని చేయండి. అవతలి ఖాతాలోంచి ఇంకోచోటికి మళ్లించేలోపు స్తంభింపజేస్తేనే తిరిగొచ్చే ఆశ. మీ బ్యాంకుకూ అదే రోజు రాతపూర్వకంగా ఇవ్వండి. యాప్‌లో కనిపించే 4,60,000 వాళ్లు తెరమీద రాసిన అంకె, ఏ షేరూ కొనలేదు.

మన దేశంలోనే ఉంటున్నవారి షేర్ల లాభం మీద పన్నును ఏ బ్రోకరూ ముందుగా వసూలు చేయడు. అమ్మిన డబ్బు ఆదాయపు పన్ను కోత లేకుండా మన ఖాతాకు వస్తుంది, ఆ పన్ను మనమే అడ్వాన్స్ టాక్స్‌గానో రిటర్నుతోనో ప్రభుత్వానికి కట్టుకుంటాం. 'తీసుకోవాలంటే ముందు కట్టు' అన్నమాట ఎక్కడ వినబడినా అది మోసమే.

నిజమైన బ్రోకర్ ఖాతాను గుర్తుపట్టడం కష్టం కాదు. కస్టమర్ల డబ్బు తీసుకునే ఖాతా పేరులో బ్రోకర్ సంస్థ పేరు పక్కన 'యూఎస్‌సీఎన్‌బీ అకౌంట్' అని ఉంటుంది. సంబంధం లేని ట్రేడర్స్, ఎంటర్‌ప్రైజెస్ పేర్లుండవు, వారానికోసారి మారవు. యూపీఐలో అయితే 2025 అక్టోబరు 1 నుంచి షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ప్రత్యేక ఐడీలు తెచ్చింది. 'ఎట్' గుర్తుకు ముందు బ్రోకర్‌కైతే 'బీఆర్‌కే', మ్యూచువల్ ఫండ్‌కైతే 'ఎంఎఫ్' అనే అక్షరాలు, గుర్తు తర్వాత 'వ్యాలిడ్' అనే మాట, దాని వెంట బ్యాంకు పేరు ఉంటాయి. చెల్లించేటప్పుడు ఆకుపచ్చ త్రికోణంలో బొటనవేలు పైకెత్తిన గుర్తు కనబడుతుంది. ఏ ఖాతా మీదైనా అనుమానం వస్తే సెబీ వెబ్‌సైట్‌లో, సారథి యాప్‌లో ఉన్న 'సెబీ చెక్'లో ఆ యూపీఐ ఐడీ గానీ, ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ గానీ కొట్టి చూడవచ్చు.

ప్రశ్న: మ్యూచువల్ ఫండ్‌లో 25,000 మధ్యాహ్నం 2:40కి కట్టాను. మర్నాటి ఎన్‌ఏవీ (యూనిట్ ధర) ఇచ్చారు. పైగా స్టేట్‌మెంట్‌లో 24,998.75 అని ఉంది, బ్యాంకులో ఎవరిదో 'క్లియరింగ్ కార్పొరేషన్' పేరుంది. – ఒక పాఠకుడు, నల్గొండ

ఆ రోజు ఎన్‌ఏవీ దొరకాలంటే ఈక్విటీ ఫండ్లకు మధ్యాహ్నం 3 గంటలు గడువు. అయితే మీరు బటన్ నొక్కిన సమయం కాదు, డబ్బు ఫండ్ ఖాతాకు చేరిన సమయం చూస్తారు. 2021 ఫిబ్రవరి 1 నుంచి ఎంత చిన్న మొత్తానికైనా ఇదే నియమం. మీ బ్యాంకు నుంచి పేమెంట్ గేట్‌వేకు, అక్కడి నుంచి క్లియరింగ్ కార్పొరేషన్‌కు, అక్కడి నుంచి ఫండ్‌కు వెళ్లడానికి 20 నిమిషాలు చాలలేదు. అందుకే చాలా యాప్‌లు ఒంటిగంటకో రెండింటికో తమ గడువు ముగిస్తాయి. లిక్విడ్ ఫండ్లకైతే గడువు 1:30కే.

క్లియరింగ్ కార్పొరేషన్ పేరు చూసి కంగారుపడకండి. అది ఎక్స్ఛేంజీ లావాదేవీల సొమ్ము సర్దుబాటు చేసే సంస్థ, అదే సరైన దారి. 2022 జూలై నుంచి మ్యూచువల్ ఫండ్ సొమ్ము బ్రోకర్ ఖాతాలో ఆగకూడదు. ట్రేడింగ్ ఖాతాలో నిల్వ ఉన్నా ఫండ్‌కు మళ్లీ బ్యాంకు నుంచి కట్టమనేది అందుకే.

తగ్గిన రూపాయి పావలా స్టాంపు డ్యూటీ, 0.005 శాతం. ఎన్‌ఏవీ 50 రూపాయలనుకుంటే మీకు 500 కాదు, 499.975 యూనిట్లు వస్తాయి. ఇక ఒక రోజు తేడా గురించి బాధపడకండి. మార్కెట్ ఒక శాతం కదిలితే మీ 25,000 మీద 250 రూపాయలు, అది మీకు కలిసొచ్చేదీ కావచ్చు.

ప్రశ్న: ప్రతినెలా 5న మూడు సిప్‌లు (ఫండ్లలో నెలనెలా కట్టే వాయిదాలు). ఒక్క నెల బ్యాలెన్స్ లేక బౌన్స్ అయితే బ్యాంకు 885 రూపాయలు కోసింది. ఇంత ఎందుకు? – ఒక పాఠకురాలు, కర్నూలు

250 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్‌టీ కలిపి 295. మూడు సిప్‌లు మూడు విడి కోతలుగా వెళ్తాయి కాబట్టి మూడు 295లు. ఈ జరిమానా బ్యాంకుది, ఫండ్ సంస్థది కాదు. బ్యాంకును బట్టి ఇది మారుతుంది.

జీతం 5న పడేవాళ్లు సిప్ కూడా 5న పెట్టుకుంటే ఎప్పుడో ఒకప్పుడు ఇది తప్పదు. కోత తెల్లవారుజామునో ఉదయాన్నో పడుతుంది, జీతం పదింటికో పన్నెండింటికో వస్తుంది. తేదీని 8కో 10కో మార్చుకోండి. ముందు రోజు రాత్రికల్లా డబ్బు ఉండాలి.

మ్యాండేట్ (ఖాతాలోంచి నెలనెలా కోసుకోవడానికి మనమిచ్చే అనుమతి) విషయంలో యూపీఐ ఆటోపే చిన్న సిప్‌లకు సుఖం. మ్యూచువల్ ఫండ్లకు లక్ష దాకా ప్రతినెలా పిన్ అడగదు, ఒక రోజు ముందు మెసేజ్ వస్తుంది, ఖాతా చూసుకోవచ్చు. బ్యాంకు ద్వారా ఇచ్చే నాచ్ మ్యాండేట్ ఆమోదానికి కొన్ని రోజులు పడుతుంది గానీ, పెద్ద మొత్తాలకు అదే నయం. మ్యాండేట్‌లో రాసే గరిష్ఠ మొత్తం చూసి పెట్టండి. 3,000 సిప్‌కు 3,000 మ్యాండేటే ఇస్తే, రేపు సిప్ పెంచినప్పుడు కోత తిరస్కారమవుతుంది.

నెలవారీ సిప్ వరుసగా మూడుసార్లు విఫలమైతే రద్దవుతుంది. మీరే ఆపాలనుకుంటే 2024 డిసెంబరు నుంచి ఫండ్ సంస్థ రెండు పనిదినాల్లో ఆపాలి. సిప్ ఆపినా మ్యాండేట్ బతికే ఉంటుంది. యూపీఐ యాప్‌లోనో బ్యాంకులోనో దాన్ని విడిగా తీసేయాలి.

ప్రశ్న: మా నాన్నగారు ఆంధ్రా బ్యాంకు ఖాతాతో పెట్టిన ఫండ్‌లోంచి డబ్బు తీయబోతే చెల్లింపు విఫలమైంది. – ఒక పాఠకుడు, ఏలూరు

ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. పాత ఐఎఫ్‌ఎస్‌సీలు మరుసటి ఏడాది ఏప్రిల్ 1 నుంచి పనిచేయడం లేదు. ఫోలియోలో (ఫండ్ సంస్థ దగ్గరి ఖాతాలో) ఇంకా ఆ పాత కోడే ఉండి ఉంటుంది. గ్రామీణ బ్యాంకుల ఖాతాలు ఇచ్చినవాళ్లూ ఒకసారి చూసుకోవాలి. తెలంగాణలోని ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు శాఖలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులో, ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు అదే ఏడాది మే 1న ఒకే ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా కలిశాయి.

ఫండ్‌ను బట్టి రిజిస్ట్రార్ (మదుపరుల లెక్కలు చూసే సంస్థ) క్యామ్స్ గానీ, హైదరాబాద్‌లోని కేఫిన్‌టెక్ గానీ అయి ఉంటారు. వాళ్ల సేవాకేంద్రంలో బ్యాంకు మార్పు ఫారం, నాన్నగారి పేరు అచ్చయిన కొత్త క్యాన్సిల్డ్ చెక్కు, పాత ఖాతా రుజువుగా ఆంధ్రా బ్యాంకు పాస్‌బుక్ నకలు ఇవ్వండి. పాత పాస్‌బుక్ పారేయకుండా ఉంటే పని సగం అయినట్టే. మార్పు జరిగాక 10 రోజుల దాకా ఆపి ఉంచి ఆ తర్వాతే కొత్త ఖాతాకు చెల్లిస్తారు. మోసాలను ఆపడానికి పెట్టుకున్న జాగ్రత్త అది. ఆసుపత్రి ఖర్చు లాంటి తొందర ఉంటే ఆ పది రోజులు లెక్కలో పెట్టుకోండి.

ప్రశ్న: అమెరికా షేర్లు కొనే ఖాతాకు ఫిబ్రవరిలో 12 లక్షలు పంపాలనుకుంటున్నాను. ఎంత కోత పడుతుంది? – ఒక పాఠకుడు, హైదరాబాద్

ఒక ఆర్థిక సంవత్సరంలో మొదటి 10 లక్షలకు టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు పట్టుకునే పన్ను) లేదు. పై 2 లక్షల మీద 20 శాతం, అంటే 40,000. ఇది పోయే డబ్బు కాదు. రిటర్నులో సర్దుకోవచ్చు, కంపెనీకి డిక్లరేషన్ ఇస్తే జీతంలో కోసే టీడీఎస్‌లోనూ తగ్గిస్తారు. కానీ అంతదాకా చేతిలో ఉండదు. కాబట్టి 6 లక్షలు మార్చిలో, 6 లక్షలు ఏప్రిల్‌లో పంపండి, రెండు ఆర్థిక సంవత్సరాలు అవుతాయి, టీసీఎస్ పడదు. ఆ ఏడాది చదువుకో, పర్యటనకో విదేశాలకు పంపింది ఉంటే అదీ పరిమితిలో కలుస్తుంది. పాన్ మీద అన్ని బ్యాంకులదీ ఒకే లెక్క.

కరెన్సీ మార్పిడి మీద జీఎస్‌టీ 12 లక్షలకు 1,026 రూపాయలు. అసలు చూడాల్సింది బ్యాంకు ఇచ్చే డాలర్ రేటు. ఒక శాతం తేడా ఉన్నా 12,000 పోయినట్టే, ఫీజుల పట్టికలో అది కనిపించదు. విదేశాలకు డబ్బు పంపేటప్పుడు నింపే ఏ-2 ఫారంలో పర్పస్ కోడ్ ఎస్ 0001 పెట్టండి. అమెరికా బ్రోకర్ ఇచ్చిన మీ ఖాతా నంబరు రిఫరెన్స్ గడిలో తప్పక రాయండి, అది లేకపోతే డబ్బు చేరి కూడా ఎవరిదో తెలియక ఆగుతుంది. అన్నీ కలిపి ఏడాదికి 2,50,000 డాలర్లు పరిమితి. ఆ షేర్లను రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూలులో చూపాలి, లాభం రాకపోయినా.

ప్రశ్న: ట్రేడింగ్ ఖాతాలో ఉంచిన 18,000 నేను అడక్కుండానే బ్యాంకుకు తిరిగొచ్చింది. ఖాతా మూసేశారా? – ఒక పాఠకురాలు, నిజామాబాద్

లేదు. వాడకుండా ఉన్న నిల్వను బ్రోకర్ మూడు నెలలకోసారి గానీ, మీరు కోరుకుంటే నెలకోసారి గానీ వెనక్కి ఇచ్చేయాలని సెబీ నియమం. మామూలుగా ఆ మూడు నెలల్లో గానీ, ఆ నెలలో గానీ వచ్చే మొదటి శుక్రవారమో శనివారమో పంపుతారు. వచ్చే వారం షేర్లు కొనే ఆలోచన ఉంటే ఆ శుక్రవారానికి ముందు డబ్బు వేయకండి, సోమవారం వేయండి.